ఉమ్మెత్తకు లేని పిచ్చి

తన నేరాన్ని తన పేరులోనే ఒప్పుకున్న మొక్క ఉమ్మెత్త. ఉన్మత్త అంటే పిచ్చెక్కినది. ఆ మాటే మన నోళ్ళలో నలిగి నలిగి ఉమ్మెత్త అయింది. అమరకోశం తిరగేస్తే ఇంకో రెండు పర్యాయపదాలు దొరుకుతాయి: కితవ, ధూర్త. ఒకటి జూదరి, ఇంకొకటి మోసగాడు. ఒక మొక్క తన గురించి ఇంతకన్నా ఏం చెప్పుకోగలదు? ఎన్నికల అఫిడవిట్లలో కూడా ఇంత నిజాయితీగా ఎవరూ కేసులు రాసుకోరు. అక్కడితో ఆగిందా అంటే, లేదు. కాయ చుట్టూ ముళ్ళు పెట్టుకుంది. ఆకు నలిపితే వెగటు వాసన కొడుతుంది. గింజ కొరికితే చేదు. తినొద్దురా నాయనా అని దాని భాషలో అది ఇన్ని బోర్డులు కట్టుకుంటే, మనవాళ్ళకు ఆ ముళ్ళకాయలో టీకా కనిపించింది.

2020 ఏప్రిల్ నాటి మాట. టీవీ పెడితే చాలు, గుండ్రటి బంతి, దాని చుట్టూ ముళ్ళు, గిరగిరా తిరుగుతూ ఉండేది. కరోనా వైరస్ అట. కంచె పక్కన చూస్తే ఉమ్మెత్త కాయ. అదీ గుండ్రమే, దానికీ ముళ్ళే. ఇంకేం రుజువు కావాలి? ఈ కాయ తింటే ఆ రోగం రాదని టిక్‌టాక్‌లో ఓ వీడియో తిరిగింది. చిత్తూరు జిల్లాలో రెండు కుటుంబాలవాళ్ళు అది నమ్మి, ఉమ్మెత్తతో మందు చేసుకుని తాగారు. పదిమంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. అదృష్టం బాగుండి బతికి బయటపడ్డారు.

వాళ్ళను చూసి నవ్వేవాళ్ళుంటే నాకు కోపం వస్తుంది. బస్సుల్లేవు, పనుల్లేవు, ఎదురింటివాడు దగ్గితే తలుపులు మూసుకునే రోజులవి. రోగానికి మందు లేదని పెద్ద పెద్ద డాక్టర్లే చెబుతుంటే, ఉందని నవ్వు మొహంతో చెప్పినవాడి మాట చెవికి ఇంపుగా ఉంటుంది. నవ్వాల్సింది ఆ వీడియో చేసినవాణ్ణి చూసి. ఇంతకీ అతను ఆ మందు తాగాడా? తాగి ఉండడు. తాగి ఉంటే ఫోను ఎటు తిప్పి పట్టుకోవాలో తెలిసేది కాదు. తాగని మందుకు సాక్ష్యం చెప్పడమనే విద్య మన దేశంలో ఇప్పుడు బాగా గిట్టుబాటవుతోంది. తర్వాత మూడు నెలలు తిరక్కుండానే ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించిన మాట నిజమే. అయితే కారణం సరిహద్దు. ఉమ్మెత్త మీద కేంద్రానికి ఏ అభ్యంతరమూ కలగలేదు.

పోలిక ఉంటే మందే అనే ఈ తర్కం మన సొంత ఆస్తి కూడా కాదు. ఐరోపాలో పారాసెల్సస్ అనే వైద్యుడి కాలంలోనే దీనికి గొప్ప గిరాకీ ఉండేది. మెదడులా ఉంటుంది కాబట్టి అక్రోటు మెదడుకు మంచిది, ఎర్రగా ఉంటుంది కాబట్టి బీట్‌రూట్ రక్తానికి మంచిది, ఈ వరసలో సాగుతుంది ఆ శాస్త్రం. సరే, ముళ్ళే లెక్కయితే పనసకాయకు లేవూ? ఒక్కో పనసకాయ పాతిక కిలోల వైరస్. ఆవపెట్టి పనసపొట్టు కూర వండుకుని తిని, గోదావరి జిల్లాలవాళ్ళు పుట్టుకతోనే టీకా వేయించుకున్నట్టు తిరగొచ్చు కదా. కానీ పనసకాయలో మజా లేదు. అది తిండి అని అందరికీ తెలుసు. మందు అనిపించుకోవాలంటే కాస్త భయపెట్టేదిగా ఉండాలి, ఎవరూ తిననిదై ఉండాలి, ముఖ్యంగా డాక్టరు వద్దన్నదై ఉండాలి.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఓ పెద్దాయన ఉన్నారు. ఉద్యోగం చేసినంతకాలం ఫైళ్ళు కదలనివ్వలేదని పేరు. రిటైరయ్యాక ఏదీ తన దగ్గర నిలవనివ్వరు, వచ్చింది వచ్చినట్టే పంపించేస్తారు. మొన్న ఉమ్మెత్త ఆకు రసంతో మోకాళ్ళ నొప్పులు, ఉబ్బసం, బట్టతల మూడూ పోతాయని పంపారు. కింద పద్నాలుగు దండాల బొమ్మలు. లిఫ్టులో కనిపిస్తే అడిగాను.

"బాబాయ్ గారూ, మీరు వాడారా?"

"నాకెందుకయ్యా! నాకసలే షుగరు, బీపీ. డాక్టరు గారు కొత్తవేవీ ముట్టుకోవద్దన్నారు."

"మరి పంపారు?"

"ఎవరికైనా పనికొస్తుందని."

ఎవరికైనా పనికొస్తుందని! ఈ ఒక్క మాటతో ఎన్ని పీకలైనా కోయొచ్చు. వెయ్యిమందిని చంపితేగానీ అరవైద్యుడు కాడని సామెత. అప్పట్లో ఆ అర్హత సంపాదించడానికి నాడి పట్టుకుంటూ ఊరూరా తిరగాలి, అరిగిన చెప్పులు మార్చుకోవాలి. ఇప్పుడు బొటనవేలు చాలు.

ఇంతకీ ఆ కాయలో ఉన్నదేమిటి? అట్రోపిన్, హయోసయమిన్, స్కోపలమిన్ అనే ముగ్గురు అన్నదమ్ములు. మన నరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. అది తాళంచెవి అనుకుంటే, గుండెలో, పేగుల్లో, లాలాజల గ్రంథుల్లో, కంటిపాపలో, మెదడులో దానికి తాళాలున్నాయి. ఉమ్మెత్త రసాయనం ఆ తాళంలో విరిగి ఇరుక్కుపోయిన చెవి లాంటిది. తను తిరగదు, అసలు చెవిని దూరనివ్వదు. ఇక చూడండి తమాషా. నోట్లో ఉమ్ము ఆగిపోతుంది, గుక్కెడు నీళ్ళు మింగాలన్నా గొంతు దిగవు. చెమట ఆగిపోతుంది, ఒళ్ళు పెనంలా కాలుతుంది. కంటిపాప విచ్చుకుపోయి వెలుతురు సూదుల్లా గుచ్చుతుంది, దగ్గరి అక్షరం అలికేసినట్టుంటుంది. గుండెకు కళ్ళెం పోయి దౌడు తీస్తుంది. పొత్తికడుపు నిండా మూత్రం ఉన్నా రాదు, గొట్టం వేసి తీయాలి. పేగులు సమ్మె కడతాయి. అన్నిటికన్నా టక్కరితనం ఇక్కడే ఉంది: పేగులు కదలవు కాబట్టి తిన్న గింజలు లోపలే కూర్చుంటాయి, కూర్చుని మెల్లమెల్లగా ఇంకా విషం వదులుతుంటాయి. తను బయటికి పోయే దారి తనే మూసుకుని ఇంట్లో తిష్ఠ వేసే చుట్టం లాంటిదన్నమాట. అందుకే మైకం ఓ పూటతో వదలదు. ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇక మెదడు సంగతి. మత్తు అనగానే రంగులు తేలడం, సంగీతం కనిపించడం లాంటివేవో ఊహించుకుని లొట్టలేసే కుర్రకారు ఉంటారు. ఆ రకం వేరు. ఎల్‌ఎస్‌డీ, కొన్ని పుట్టగొడుగులు మెదడులో సెరటోనిన్ తాళాలతో ఆడుకుంటాయి. వాటిని తీసుకున్నవాడికి గోడ అలల్లా కదిలినా, ఇది మందు ఆడిస్తున్న ఆట అని లోపలెక్కడో తెలుస్తూ ఉంటుంది చాలావరకు. ఉమ్మెత్తకు ఆ దయ లేదు. ఎదురుగా ఎవరూ లేకపోయినా కుర్చీలో బావమరిది కూర్చున్నట్టే ఉంటుంది, అతనితో పొలం గట్టు తగాదా మాట్లాడుతూనే ఉంటాడు. వేళ్ళ మధ్య లేని బీడీకి లేని నిప్పు పెట్టి పీలుస్తాడు. పక్కన నిలబడ్డ భార్యను మాత్రం గుర్తుపట్టడు. ఉన్నది కనిపించదు, లేనిది కనిపిస్తుంది, ఆ తేడా ఉందన్న సంగతే తెలియదు. మెలకువ వచ్చాక ఇదంతా గుర్తుండదు కూడా. అంటే పాఠం నేర్చుకునే అవకాశం కూడా ఉండదు.

మన వైద్య విద్యార్థులు చదివే ఫోరెన్సిక్ పుస్తకాల్లో ఉమ్మెత్త విషానికి ఓ లక్షణం రాసి ఉంటుంది. రోగి తన వేళ్ళ చివర్ల నుంచి లేని దారాలు లాగుతూ ఉంటాడు. లేని సూదిలో లేని దారం ఎక్కించడానికి తెగ అవస్థ పడతాడు. మధ్యమధ్య తనలో తను గొణుక్కుంటాడు. ఈ వర్ణన చదివినప్పుడు నాకు ఆసుపత్రి మంచం గుర్తుకు రాలేదు. మెట్రో రైలు గుర్తొచ్చింది. బోగీ నిండా మనుషులు, తలలు దించుకుని, చూపుడువేలితో అద్దం మీద కనిపించని దారమేదో పైకి లాగుతున్నారు, లాగుతూనే ఉన్నారు. ఆ దారం తెగదు. నడుమ ఎవరో ఒకరు తనలో తను గొణుక్కుంటారు. ఒక్కరు కూడా ఉమ్మెత్త తినలేదు.

1676లో అమెరికాలోని వర్జీనియాలో బేకన్ అనేవాడు తిరుగుబాటు చేస్తే, దాన్ని అణచడానికి ఇంగ్లీషు సైనికులు జేమ్స్‌టౌన్ వచ్చారు. అక్కడ లేత ఉమ్మెత్త ఆకులు కోసి ఆకుకూర అనుకుని ఉడికించుకు తిన్నారు. రాబర్ట్ బెవర్లీ అనే చరిత్రకారుడు 1705లో ఆ ముచ్చట రాసిపెట్టాడు. ఒకడు గాలిలో ఈకను ఊదుతూ ఉన్నాడట. ఇంకొకడు మహా కోపంగా దాని మీదికి గడ్డిపరకలు విసురుతున్నాడట. మరొకడు బట్టల్లేకుండా మూల కూర్చుని కోతిలా పళ్ళికిలించాడు. వేరొకడు దొరికినవాణ్ణల్లా ముద్దులాడాడు. తమకు తామే హాని చేసుకోకుండా అందరినీ గదిలో బంధించాల్సి వచ్చింది. పదకొండు రోజులకు తెలివొచ్చింది, జరిగింది ఒక్కడికీ గుర్తులేదు. ఆ మొక్కకు అమెరికాలో ఇప్పటికీ ఆ ఊరి పేరే, జిమ్సన్ వీడ్. పాపం, పదకొండు రోజులకే చరిత్రకెక్కారు. ఒకడు ఈక ఊదడం, ఇంకొకడు దాని మీద గడ్డిపరకలు విసరడం, మరునాటికి ఎవరికీ ఏమీ గుర్తులేకపోవడం. మన టీవీ చర్చలు ఇది రోజూ రాత్రి తొమ్మిదింటికి చేస్తున్నాయి, ఏ ఆకూ తినకుండానే. గదిలో బంధించే నాథుడే లేడు.

ఇదంతా చదివి, ఈయన మన పల్లె వైద్యాన్ని వెక్కిరిస్తున్నాడని అప్పుడే ఎవరో టైపు చేయడం మొదలుపెట్టి ఉంటారు. కాస్త ఆగండి. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చడం మన దేశంలో పాత అలవాటే, అందులో పస లేకపోలేదు. 1802లో మద్రాసు నుంచి జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఆ చిట్కాను ఇంగ్లండు పట్టుకెళ్ళాడు. తర్వాత వందేళ్ళకు పైగా ఐరోపాలో ఉమ్మెత్త జాతి ఆకుతో చుట్టిన ఉబ్బసం సిగరెట్లు మందుల షాపుల్లో అమ్మారు. ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ అలాంటి పొగలోనే జీవితం వెళ్ళదీశాడు. ఊపిరి గొట్టాల్లో బిగుసుకున్న కండరాలను అట్రోపిన్ వదులు చేస్తుంది, అదీ రహస్యం. అయితే ఊపిరాడుతున్న మనిషికి దానితోపాటు గుండెదడ, మతిభ్రమ కూడా ఉచితంగా వచ్చేవి.

అప్పుడు రసాయన శాస్త్రవేత్తలు ఏం చేశారు? పద్నాలుగు దండాలు పెట్టి పక్కవాడికి పంపలేదు. అట్రోపిన్ అణువుకు ఇంకో చిన్న ముక్క అతికించి, అది ఎప్పుడూ విద్యుదావేశంతో ఉండేలా చేశారు. ఆవేశం ఉన్న అణువు మెదడు గడప దాటలేదు. పీల్చితే ఊపిరితిత్తుల్లో పని చేసుకుని అక్కడే ఉంటుంది. అదే ఇప్రాట్రోపియం. ఈ రోజు మన ఊళ్ళలో ఎంతోమంది జేబుల్లో ఉండే ఇన్‌హేలర్‌ల వెనక ఉన్న కథ ఇది. మా గ్రూపులోనూ సరిగ్గా ఇదే సూత్రం నడుస్తుంది. ఆవేశం దండిగా ఉంటుంది, మెదడు దాకా ఏదీ పోదు. కాకపోతే ఇక్కడ ఎవరి ఊపిరీ తేలిక పడదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే ఏ జిల్లా ఆసుపత్రికైనా అర్ధరాత్రి వెళ్ళండి. పత్తి పోయి, అప్పు మిగిలి, పురుగుల మందు తాగిన రైతును ఆటోలో వేసుకొస్తారు. ఆ పురుగుల మందుల్లో ఓ పెద్ద రకం చేసేది ఉమ్మెత్త పనికి సరిగ్గా తలకిందులు. ఒంట్లో ఎసిటైల్‌కోలిన్ విరుగుడు లేకుండా పేరుకుపోతుంది. నోటి వెంట నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొన అంత, ఊపిరితిత్తుల నిండా నీరు. మనిషి తన రొమ్ములోనే మునిగిపోతుంటాడు. అప్పుడు డ్యూటీ డాక్టరు ఎక్కించేది అట్రోపిన్. అదే ఉమ్మెత్త అట్రోపిన్. ఇంజెక్షన్ ఇచ్చి, ఐదేసి నిమిషాలకు రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి వింటూ, నాడి లెక్కపెడుతూ, చాలకపోతే రెట్టింపు చేస్తూ, ఎక్కువైందా అని కనిపెట్టుకుని కూర్చుంటారు. ఎక్కువైతే ఆ రైతు కూడా దుప్పటి పీకుతూ లేనివాళ్ళతో మాట్లాడతాడు, అప్పుడు తగ్గిస్తారు. ఒక్క ప్రాణాన్ని గట్టెక్కించడానికి ఓ హౌస్ సర్జన్ రాత్రంతా కునుకు లేకుండా చేసే పనిని, మా బాబాయ్ గారు లిఫ్టు రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు వెళ్ళేలోపు రెండు వందల యాభైమందికి చేసేశారు.

మందుకూ విషానికీ తేడా మొలకలో లేదు, కొలతలో ఉంది. ప్రయాణంలో వాంతులు కాకుండా చెవి వెనక అంటించే స్కోపలమిన్ పట్టీ ఒకటుంది. మూడు రోజుల పొడుగునా అది ఒంట్లోకి వదిలేది మొత్తం కలిపి ఒక్క మిల్లీగ్రాము. కంచె పక్క ఉమ్మెత్తకు ఆ లెక్క ఎవరు చెబుతారు? ఒక కాయలో వందల గింజలు. ఈ మొక్కలో ఉన్నంత విషం పక్క మొక్కలో ఉండదు, ఆకులో ఉన్నట్టు గింజలో ఉండదు, వానాకాలంలో ఉన్నట్టు ఎండాకాలంలో ఉండదు. స్పూనుతో కొలిచి తాగామంటే, కళ్ళు మూసుకుని హైవే దాటుతూ అడుగులు లెక్కపెట్టామన్నట్టే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత చెప్పుకుని దిగులుపడేవాళ్ళం. ఇప్పుడు లోకం తిరగబడింది. పెరట్లో ఉన్న కరివేపాకు, మునగాకు ఏమీ కాకుండా పోయాయి, రోడ్డు పక్కన చెత్తకుప్ప మీద మొలిచిందల్లా అమృతమైపోయింది. దాని మీద 'నేచురల్' అనే ముద్ర ఒకటి. సహజమైనది కాబట్టి సైడ్ ఎఫెక్టులు ఉండవట. నాగుపాము ఏ ఫ్యాక్టరీలో తయారైంది? గన్నేరు పప్పుకు ఏ కంపెనీ లైసెన్సు ఉంది? ఇంతకీ ఏ సంప్రదాయం పేరు చెప్పి ఇదంతా అమ్ముతున్నారో ఆ ఆయుర్వేదమే ఉమ్మెత్తను ఉపవిషాల్లో చేర్చింది. శుద్ధి చేయకుండా ముట్టుకోవద్దంది. కనకాసవం అనే మందులో వాడారంటే దానికో పద్ధతి, మోతాదు, వైద్యుడు ఉన్నారు. మన ఔషధ నిబంధనల్లో ఆయుర్వేద విషపదార్థాల జాబితా, షెడ్యూల్ ఈ(1) అని ఉంది. అందులో ధత్తూరం అనే పేరుతో ఉమ్మెత్త ఉంది. అది కలిసిన కడుపులోకి పుచ్చుకునే మందు సీసా మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలని రాయాలి. తాతల నాటి విజ్ఞానం అని గుండెలు బాదుకునేవాళ్ళు తాతలు రాసిన హెచ్చరిక ఒక్కటి వదిలేసి మిగతాదంతా ఫార్వర్డ్ చేస్తారు.

శివుడికి ఇష్టమని కొందరు. ఇష్టమే. ఆయన గరళం మింగాడు, ఆ తర్వాత మిమ్మల్నీ మింగమన్నట్టు ఎక్కడా లేదు. వినాయక చవితి 21 పత్రిలో ఐదోది దత్తూర పత్రం. పిల్లలతో పూజ చేయించేటప్పుడు పూర్వం ముసలమ్మలు అది ఉమ్మెత్త, చేతులు కడుక్కో అని చెప్పేవారు. ఇప్పుడు పత్రి కట్ట డబ్బులిచ్చి కొంటున్నాం. అందులో ఏది మాచిపత్రో, ఏది ఉమ్మెత్తో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు, పుస్తకంలో చదివే పంతులుగారు తల ఎత్తరు. చేతులు కడుక్కునే సంప్రదాయం మాత్రం తెగిపోయింది.

మిరపకాయ, వంకాయ, టమాటా, బంగాళాదుంప, ఉమ్మెత్త, ఇవన్నీ ఒకే కుటుంబం. గుత్తివంకాయకు ఉమ్మెత్త కాయ దాయాది. పోలిక ఎంత ఉందంటే ఉమ్మెత్త గింజకూ మిరప గింజకూ తేడాలేమిటి అన్న పట్టిక ఫోరెన్సిక్ పాఠంలో మనవాళ్ళు కంఠతా పట్టాలి. మిరప గింజ పలచగా, లేత పసుపుగా, ఘాటుగా ఉంటుంది. ఉమ్మెత్త గింజ మందంగా, గోధుమరంగులో, గుంటలు గుంటలుగా, చేదుగా ఉంటుంది. ఇది పరీక్షల్లోకి ఎందుకొచ్చిందంటే, ఒకప్పుడు దారిదోపిడీ దొంగలు బాటసారుల తిండిలో ఉమ్మెత్త గింజలు కలిపి, వాళ్ళు దారాలు లాగుతుండగా మూటలు సర్దుకుపోయేవారు. పుస్తకాల్లో దాని పేరే రోడ్డు విషం. ఆ దొంగలకు ఒక్క విషయంలో దండం పెట్టాలి. ఆరోగ్యానికి మంచిదని చెప్పలేదు.

మొన్న మా బాబాయ్ గారు కంటి పరీక్షకు వెళ్ళొచ్చారు. కంటిపాప విచ్చుకోవడానికి నర్సు చుక్కలు వేయబోతే, అది ఏ కంపెనీదో, ఎక్స్‌పైరీ ఎప్పుడో రెండుసార్లు చదివించుకున్నారట. షుగరుకు ఏమైనా ఇబ్బందా అని అడిగారట. ఆ చుక్కలు కూడా అట్రోపిన్ బాటలోనే పనిచేస్తాయి. రెండు చుక్కలకు అంత జాగ్రత్త పడ్డ మనిషి ఇంటికొచ్చి, మసకమసగ్గా ఫోను కళ్ళకు దూరంగా పట్టుకుని, ఉమ్మెత్త గింజలతో నిద్రలేమి మాయం అనేది పంపారు. అక్షరాలు కనిపించకపోయినా పంపే బొత్తం కనిపించింది.

ఎవరైనా ఉమ్మెత్త తిన్నారని అనుమానం వస్తే, చింతపండు రసం, మజ్జిగ, నిమ్మకాయ అంటూ ఇంట్లో ప్రయోగాలు పెట్టుకోకండి, వేలు పెట్టి వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేయండి. తిన్నది కాయో, ఆకో, గింజలో, మిగిలింది ఏదైనా ఉంటే కవర్లో వేసి కూడా తీసుకెళ్ళండి, డాక్టరుకు అది చూపిస్తే సగం పని అయినట్టే. ఎక్కడ చదివి తిన్నారో కూడా చెప్పండి.